పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసే ముందు

- ఫొటోలు, సర్టిఫికెట్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. నేనోసారి చూడలేదు. పెళ్లి ఫొటోల ఫోల్డర్ ఖాళీ!
- విండోస్‌ను కూడా ఉంచుకుంటారా? బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.
- 4 జీబీ ర్యామే ఉంటే లినక్స్ రకాల్లో తేలికైన మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ నయం. ఉబుంటు (ఇంకో రకం లినక్స్) అయితే ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లొచ్చే వెర్షన్ తీసుకోండి, 24.04 వెర్షన్‌కి 2029 దాకా వస్తాయి.
- ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, తెలుగు ఒత్తులు విడిపోకుండా కనిపిస్తున్నాయా? ఈ అరగంట బద్ధకిస్తే తర్వాత టెన్షన్.
- ఛార్జర్ తగిలించే ఉంచండి.
- డిస్క్ మొత్తం చెరిపేయమంటారా అని అడిగే స్క్రీన్ దగ్గర మాత్రం తొందరపడి నొక్కకండి.