ముప్పై దాటాక పైలట్ కావాలంటే ఏది ముందు, ఏది తర్వాత

ముప్పై అయిదేళ్లకు పైలట్ శిక్షణలో చేరొచ్చా అని అడిగేవాళ్లకు ముందు ఒక చిన్న లెక్క చెప్తాను. ఇద్దరు పైలట్లు నడిపే ఎయిర్‌లైన్ విమానాల్లో వయోపరిమితిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2006లో 60 నుంచి 65కు పెంచింది. చదువుకీ ఉద్యోగం వెతుక్కోడానికీ మూడు నాలుగేళ్లు పోయినా, ఇంకా పాతికేళ్ల సర్వీసు మిగులుతుంది. వయసు గురించి అంతకుమించి బెంగ అక్కర్లేదు. భయపడాల్సింది దారి మధ్యలో తెగిపోవడం గురించి. ఇరవై ఏళ్ల కుర్రాడికి అలా జరిగితే ఒకట్రెండేళ్లు పోతాయి. మనకు జీతం, పొదుపు, ఇంట్లోవాళ్ల ఓపిక అన్నీ ఒకేసారి పోతాయి. ఆడిట్ పని వదిలి ఫస్ట్ ఆఫీసర్ (కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్) సీట్లోకి వచ్చినదాన్ని, అందుకే నాది ఒకటే లెక్క: "కుదరదు" అనే జవాబు ఎక్కడ తక్కువ ఖర్చుతో తెలుస్తుందో ముందు అక్కడికి వెళ్లండి.

ఆ చోటు క్లాస్ వన్ మెడికల్, అంటే జీతానికి ఎగిరే పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష. సరదాగా ఎగిరే ప్రైవేట్ లైసెన్సుకు క్లాస్ టూ చాలు కాబట్టి "ముందు చేరండి, మిగతాది తర్వాత చూద్దాం" అనే స్కూళ్లుంటాయి. వినొద్దు. జీతానికి ఎగరాలంటే క్లాస్ వన్ ఉండాల్సిందే, అది చేతికొచ్చేదాకా ఫీజు కట్టకండి. కళ్లద్దాలు అడ్డు కాదు. ఐకావో ప్రమాణం ప్రకారం అద్దాలతో ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6 కనపడితే సరిపోతుంది. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం అదనపు పరీక్షలుంటాయి. ముప్పైల్లో కొత్తగా బయటపడేవి వేరే ఉన్నాయి: బీపీ, షుగర్, కిడ్నీలో రాళ్లు, గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగడం. వీటిలో చాలావాటికి దారి ఉంటుంది, కానీ నెలలు పట్టొచ్చు. పాత ఆపరేషన్ల కాగితాలు, వాడిన మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. ఏదీ దాచొద్దు. ఎప్పుడో బయటపడితే పోయేది లైసెన్సే.

తర్వాత చిన్న విమానంలో ఒక పరిచయ ఫ్లయిట్. అందరూ ప్రశాంతమైన ఉదయం ఎక్కి మురిసిపోతారు. మీరు ఎండ ముదిరాక కూడా ఒకసారి ఎక్కండి. నేల వేడికి గాలి పైకి తన్నుతూ విమానాన్ని ఊపేస్తుంటే, ఈ పని మీకు పడుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. కడుపులో తిప్పినా కంగారొద్దు, చాలామందికి కొన్నాళ్లకు అలవాటవుతుంది. అదే రోజు స్కూలును కూడా ఆడిట్ చేసేయండి (నాకు పోని జబ్బు ఇది). బ్రోషర్లో ఉన్న విమానాలెన్ని, ఇవాళ ఎగురుతున్నవెన్ని, షెడ్డులో విప్పేసి ఉన్నవెన్ని? జవాబులు ఆఫీసులో కాదు, తమ వంతు కోసం బయట కూర్చున్న విద్యార్థుల దగ్గర దొరుకుతాయి.

రాజీనామా ఇంకా ఇవ్వకండి. థియరీ ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. మెటియరాలజీ (వాతావరణం), నావిగేషన్ (దారి లెక్కలు), ఎయిర్ రెగ్యులేషన్స్ (నియమాలు) వంటివి. యూరప్ పద్ధతిలో అయితే ఎయిర్‌లైన్ స్థాయికి 13 పేపర్లు, ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. రాత్రి అలసిపోయి వచ్చి పుస్తకం తీయలేనివాళ్లకు ఆ సంగతి జీతం ఆగకముందే తెలియడం మంచిది.

డబ్బు ఎప్పుడూ విడతలుగానే కట్టండి. మొత్తం ఒకేసారి కడితే రాయితీ అంటారు. స్కూలు మూతపడితే కట్టిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు. ఐకావో కనీసం ప్రకారం ప్రైవేట్ లైసెన్సుకు ఎగరాల్సింది 40 గంటలు, జీతానికి ఎగిరే కమర్షియల్‌కు 200, అన్నీ ఒకే వరసలో నేర్పే, ఆమోదం పొందిన ఇంటిగ్రేటెడ్ కోర్సులో అయితే 150. ఆ కనీసంలోనే ముగించేవాళ్లు తక్కువ. అదనపు గంటలు, టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత), లైసెన్సు వచ్చాక పిలుపు రాని నెలలు, ఈ మూడింటికీ సరిపడా డబ్బు చేతిలో ఉంటేనే ఉద్యోగం వదలండి. ఖాళీ నెలల్లో కూడా ఎగురుతూనే ఉండాలి, లేకపోతే చెయ్యి మొద్దుబారుతుంది. ఇతరులకు నేర్పే అర్హత, అంటే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుంటే ఆ గంటలకు జీతం వస్తుంది. పూర్తి ఎయిర్‌లైన్ లైసెన్సుకు కావాల్సిన 1500 గంటల వైపు లెక్కా పెరుగుతుంది.

శిక్షణలో మన వయసుకు చేతులు కాస్త నిదానం, ఒప్పుకోవాలి. ల్యాండింగ్‌లో చక్రాలు తాకే చోటునే చూస్తూ కూర్చుంటాం. చూపు రన్‌వే చివరికి లేపితే ఎత్తు దానంతటదే అందుతుంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాక్‌పిట్ బొమ్మ ముందు పెట్టుకుని, చెక్‌లిస్టు పైకి చదువుతూ చేతులు ఆడించండి. పైసా ఖర్చులేని సాధన. వారానికి రెండు మూడు సార్లయినా ఎగరకపోతే పాత పాఠమే మళ్లీ డబ్బిచ్చి నేర్చుకోవాలి. ఇక ఇన్‌స్ట్రక్టర్ మీకంటే పదేళ్లు చిన్నవాడు కావచ్చు. అతను గద్దించినప్పుడు "సరే సార్" అని మళ్లీ చేయగలగాలి. నిన్నటిదాకా పదిమంది చేత పని చేయించినవాళ్లకు పక్కగాలిలో దిగే క్రాస్‌విండ్ ల్యాండింగ్ కంటే ఇదే కష్టం.

ఉద్యోగం పిలుపొచ్చాక బేరాలు వద్దు. చాలా ఎయిర్‌లైన్లలో విమానం, రూటు, సెలవులు, కెప్టెన్ అయ్యే వంతు అన్నీ చేరిన తేదీని బట్టే. పెద్ద జెట్ కోసం ఎదురుచూస్తూ చిన్న టర్బోప్రాప్‌ను (పంకాలతో ఎగిరే విమానాన్ని) కాదంటే, ఆ ఏడాది మనకు తిరిగి రాదు. సంతకం చేసేముందు బాండ్ (ఇన్నేళ్లు పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) మాత్రం అక్షరం అక్షరం చదవండి: ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే కట్టాల్సింది ఏటా తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే ఏమవుతుంది, మెడికల్ పోతే ఏమవుతుంది. ఆఖరి ప్రశ్నకు కాగితం మీద జవాబు లేకపోతే, రాసివ్వమని అడగండి.