ద్వేషం మూకగా మీద పడకముందే

ఎన్నికలు దగ్గరపడినా, ఎక్కడో ఓ దారుణం జరిగినా సోషల్ మీడియాలో కొందరి మీద విషం కక్కడం మొదలవుతుంది. మతం, కులం, రంగు, ఆడపిల్ల కావడం, ఏదో ఒకటి సాకు. అలాంటి రోజులు వస్తున్నాయని అనిపించగానే సిద్ధపడండి. నిమిషానికో బెదిరింపు వస్తున్నప్పుడు చేతులాడవు.

ముందు లాగౌట్ అయి, పరాయివాళ్లు వెతికినట్టు మీ పేరు వెతకండి. ఎప్పటిదో పుట్టినరోజు ఫొటోలో వెనక ఇంటి నంబరు కనిపిస్తోందా? పాప స్కూలు బ్యాడ్జి? కక్షతో వెతికేవాళ్లు ఏరుకునేవి ఇవే. స్నేహితుల జాబితా కూడా దాచేయండి. మీరు దొరక్కపోతే మీ చెల్లెలికి మెసేజ్‌లు పెడతారు. పాస్‌వర్డ్‌తో పాటు ఆథెంటికేటర్ యాప్ (మీ ఫోన్‌లోనే ఎప్పటికప్పుడు మారే కోడ్ చూపించే యాప్) కోడ్ కూడా అడిగేలా ఖాతాను మార్చుకోండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ అంత భద్రం కాదు, సిమ్‌ను మోసంతో కాజేసేవాళ్లున్నారు.

దాడి మొదలైతే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. భయంతో, అసహ్యంతో అన్నీ డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రిపోర్ట్ కొట్టేముందు, బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్ తీయండి. అందులో తిట్టు ఒక్కటే ఉంటే చాలదు. ఖాతా యూజర్‌నేమ్, తేదీ, సమయం కనిపించాలి. పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు విడిగా కాపీ చేసుకోండి, ఎందుకంటే పైన కనిపించే పేరు ఎప్పుడైనా మార్చేసుకోవచ్చు. పోస్టు తీసేశాక అది ఉండేదని పోలీసులకు చూపించడం చాలా కష్టం.

ఇవన్నీ బాధితులే చేయాలని లేదు. తిట్లన్నీ చదివి దాచిపెట్టే పని నమ్మకమైన మనిషికి అప్పగించండి. ఎవరికి అప్పగించాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. "పట్టించుకోకు, ఫోన్ పక్కన పెట్టేయ్" అని మాత్రం బాధితులతో అనకండి. చాలామందికి పని, పరిచయాలు అన్నీ అందులోనే ఉంటాయి. పైగా తప్పు చేసినవాళ్లు హాయిగా ఉంటే వీళ్లెందుకు తప్పుకోవాలి?

చూసేవాళ్ల బాధ్యతా చిన్నది కాదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక దుండగుడు రెండు మసీదుల్లో 51 మందిని చంపాడు, ఆ దాడిని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. లైవ్ నడుస్తున్నంతసేపు చూసినవాళ్లు 200 మంది లోపే అనీ, వాళ్లలో ఒక్కరూ రిపోర్ట్ చేయలేదనీ ఫేస్‌బుక్కే చెప్పింది. మొదటి 24 గంటల్లో ఆ దాడి వీడియో కాపీలు దాదాపు 15 లక్షలు తొలగించాల్సి వచ్చింది. ఖండించడానికి షేర్ చేసినవాళ్లూ ఉన్నారట. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. కోపమొచ్చినా అలాంటి పోస్టు పంచకండి, రిపోర్ట్ చేయండి.

బెదిరింపులో మీ చిరునామా, మీరు తిరిగే దారి, ఫలానా రోజు అన్న మాట ఉంటే ఆగకండి. వెంటనే పోలీసులకు చెప్పండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి.