వేంపల్లె, పులివెందుల నల్లరాళ్లు: లావా పొర ఏది, సిల్లు ఏది?

పులివెందుల పక్క అగ్నిపర్వతం కోసం కొండకొనలు వెతకొద్దు. ఇక్కడి సిల్లు (భూమి లోపలే గడ్డకట్టిన నల్లరాతి పొర) వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. బిలాలు ఎప్పుడో అరిగిపోయాయి, మిగిలినవి సున్నపురాయి జాతి పొరల మధ్య నల్లని పట్టీలు. వాటిలో కొన్ని నేల మీద పారిన లావా, కొన్ని పొరల మధ్యకు చొరబడి అక్కడే గడ్డకట్టిన డోలరైట్ (కాస్త ముతక రేణువుల నల్లరాయి) సిల్లులు. రెంటినీ విడదీయడమే అసలు పని.

10 రెట్ల లెన్సు, సుత్తి, కళ్లద్దాలు, దారానికి కట్టిన అయస్కాంతం, స్ప్రింగ్ త్రాసు, కాస్త యాసిడ్ చాలు. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1 వంతు, నీళ్లు 3 వంతులు. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోస్తే వేడెక్కి చిందుతుంది.

ఇక్కడ పొరలు ఈశాన్యానికి వాలి ఉంటాయి. నైరుతి నుంచి ఈశాన్యానికి నడిస్తే గుల్చేరు క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి జాతి), పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి పొరలు ఆ వరసలోనే తగులుతాయి. వేంపల్లె పొరల పైభాగంలోనూ, తాడిపత్రి పొరల్లోనూ నల్లరాయి కోసం చూడండి.

నల్లగా ఉన్నదల్లా బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) కాదు. ఇళ్లలో పరిచే కడప బండ నలుపే, కానీ సున్నపురాయి. యాసిడ్ చుక్క పడగానే బుసబుస పొంగుతుంది. డోలమైట్ గీరి పొడి చేస్తేనే పొంగుతుంది. బసాల్ట్, డోలరైట్ పొంగవు, అయస్కాంతాన్ని కొద్దిగా లాగుతాయి. చాలామంది పొరబడే చోటు ఒకటుంది: లావాలోని పాత గాలిబుడగల్లో కాల్సైట్ (తెల్లని సున్నపు ఖనిజం) నిండి ఉంటే అక్కడ యాసిడ్ పొంగుతుంది. అది చూసి సున్నపురాయి అనేస్తారు. చుక్క తెల్ల మచ్చ మీద కాదు, మచ్చల మధ్య నల్లరాయి మీద వేయాలి.

అనుమానం తీరకపోతే తూకం వేయండి. గాలిలో 600 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే 400 గ్రాములు తూగితే, 600ను తేడా 200తో భాగించండి: సాంద్రత 3. డోలరైట్ సాధారణంగా 2.9, 3 దగ్గర, సున్నపురాయి 2.7 దగ్గర ఉంటాయి. 4 దాటితే అది మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) లాంటి బరువైన రాయి కావచ్చు. బుడగలున్న ముక్కను తూకానికి వాడొద్దు, లెక్క తక్కువొస్తుంది.

ఇక అసలు పరీక్ష. నల్లరాయి కింది అంచు చూసి తీర్పు చెప్పొద్దు. లావా అయినా సిల్లు అయినా కింది రాయిని కాలుస్తుంది. పై అంచు కనిపించే వాగు గట్టు దొరికేదాకా నడవండి. సిల్లయితే పైరాయి కూడా కాలి గట్టిపడి, రంగు మారి ఉంటుంది. అంచు నుంచి లోపలికి జానెడుకొక ముక్క కొట్టి వరసగా పేర్చండి. అంచు ముక్కలో లెన్సుకీ రేణువులు అందవు, లోపలికి పోయేకొద్దీ తెల్ల ఫెల్డ్‌స్పార్ ఖనిజపు పుల్లలు కంటికే కనిపిస్తాయి. రెండంచులా ఇలాగే ఉండి, పైరాయి కూడా కాలి ఉంటే సిల్లే. లావా పొరకు పైన కాలిన జాడ ఉండదు. పైభాగంలో బుడగలు గుమిగూడతాయి, పై మట్టిరాతిలో ఆ లావా ముక్కలే చిక్కుకుని ఉంటాయి. గుండ్రంగా, గోడలు నున్నగా ఉన్నవే బుడగలు. గరుకుగా, మూలలు తేలిన గుంతలు డోలమైట్ కరిగి పడినవి.

సిల్లు డోలమైట్‌ను కాల్చిన చోట పచ్చని సర్పెంటీన్ ఖనిజం, దాని మధ్య నారగా చీలే మెరుపు గీతలు కనిపిస్తే సుత్తిని పక్కన పెట్టేయండి. అది రాతినార (ఆస్బెస్టాస్). గీరొద్దు, కొట్టొద్దు, జేబులో వేసుకోవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, క్యాన్సర్ తెస్తుంది. ఫొటో చాలు.

గట్టు కింద దొర్లి పడిన రాళ్లతో ఏదీ తేల్చొద్దు. గట్టులో ఉన్న రాయిని ఊడదీయక ముందే మార్కర్‌తో పైవైపుకు బాణం గీసి, చోటు రాసుకోండి. పైవైపు ఏదో తెలియని బుడగల రాయి ఈ పనికి అస్సలు పనికిరాదు.