ఎలుకల గమ్ అంటుకుంటే వంటనూనె రాయండి

ఎలుకల కోసం పెట్టిన గమ్ అట్టలో మా పిల్లికూన కాలు పెట్టేసింది. అలాంటప్పుడు దయచేసి లాగకండి, బొచ్చుతో పాటు చర్మం కూడా ఊడొస్తుంది. ఆ జిగురు నీళ్లకు కరగదు, నూనెకే లొంగుతుంది. కూనను టవల్లో చుట్టి పట్టుకుని, వేళ్ల సందుల్లోకి వంటనూనె పోసి, కాసేపు ఆగి మెల్లగా రుద్దితే జిగురు ముద్దలుగా జారిపోయింది. తర్వాత గోరువెచ్చని నీళ్లతో, బేబీ షాంపూతో కడిగాం. మన చేతులకూ ఇదే పద్ధతి.

కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ మాత్రం అస్సలు వద్దు. చర్మం మండుతుంది, పైగా పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి ఆ విషం కడుపులోకి పోతుంది. కళ్లకో, ముక్కుకో అంటితే వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

టైల్స్ మీదైతే నూనె రాసి తుడిచాక గిన్నెల సబ్బుతో కడగండి, జిడ్డు మిగిలితే కాలు జారుతుంది.