కేటలాగ్‌లో ఉంటుంది, ర్యాక్‌లో దొరకదు: దీనికి నేనేం చేశానంటే
మా కాలేజీ లైబ్రరీలో స్టూడెంట్స్‌ది ఒకటే గోల, కేటలాగ్‌లో అవైలబుల్ అని ఉంటుంది, ర్యాక్ దగ్గరికెళ్తే బుక్కు కనపడదు అని. సర్వే ఫారాలతో ఏం తేలదు, అందరూ "బాగుంది" అని టిక్కు పెట్టి పోతారు, అందుకే కొంతమందికి తలా ఒక బుక్కు పేరిచ్చి వెతకమని చెప్పి వెనకాలే నడిచా, నోరు మెదపకుండా (అదే అసలు కష్టం).

ర్యాక్‌లో 005.74 నంబర్ బుక్కుల దగ్గర నిలబడి 005.133 నంబర్ బుక్కు కోసం ఇంకా ముందుకే పోతున్నారు, 74 కంటే 133 పెద్దది కదా అని! డ్యూయీలో (సబ్జెక్ట్‌ని బట్టి బుక్కులకి నంబర్లిచ్చే పద్ధతి) చుక్క తర్వాత ఒక్కో అంకె విడిగా చూడాలి, 7 కంటే 1 ముందు, అంటే బుక్కు వెనకాలే ఉంది.

బోర్డుల మీద నంబర్‌తో పాటు ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్, డేటాబేస్‌లు అని పేర్లు పెట్టించా, కేటలాగ్‌లో ర్యాక్ నంబర్ కూడా కనపడేలా చేయించా. వేరేవాళ్ళతో మళ్ళీ అదే టెస్ట్ చేస్తే నేరుగా వెళ్ళి తీసుకున్నారు. "పీరియాడికల్స్" (అంటే మ్యాగజైన్లు, జర్నల్స్) బోర్డు మాత్రం మార్చడానికి ఇంకా పర్మిషన్ రాలేదు.