ఇంటి గడప దగ్గర ప్రయాణాలను లెక్కించే పద్ధతి

దేశంలోపలి పర్యాటకాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. గుళ్ల దగ్గరా హోటళ్ల దగ్గరా వచ్చినవారిని లెక్కించడం ఒకటి, ఇళ్లకు వెళ్లి ఎవరు ఎక్కడికి వెళ్లివచ్చారో అడగడం మరొకటి. మొదటి దారిలో తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం చూసి వచ్చిన ఒకే కుటుంబం మూడుసార్లు లెక్కకు ఎక్కవచ్చు, బంధువుల ఇంట్లో దిగినవారు అసలే ఎక్కకపోవచ్చు. అందుకే కేంద్ర ప్రభుత్వం జరిపే జాతీయ నమూనా సర్వే 2008-09లో 65వ విడతలోను, 2014-15లో 72వ విడతలోను ఇళ్ల దగ్గరే వివరాలు సేకరించింది. ఒక జిల్లాకో మండలానికో ఇటువంటి సర్వే చేయదలచినవారికి ఆ పద్ధతే మంచి నమూనా.

ముందుగా దేన్ని ప్రయాణం అనాలో తేల్చుకోవాలి. రోజూ వెళ్లే పొలం, కాలేజీ, వారం వారం వెళ్లే సంత మనిషి నిత్యజీవన పరిధిలోనివే కాబట్టి వాటిని వదిలేయాలి. ఆ పరిధి దాటి, ఏడాదిలోపు తిరిగివచ్చే ఉద్దేశంతో, వెళ్లినచోట కూలికో జీతానికో కుదరకుండా చేసినదే పర్యాటక ప్రయాణమని ఐక్యరాజ్యసమితి 2008 నాటి సిఫారసులు చెబుతాయి. దీని ప్రకారం భవన నిర్మాణ పనులకు బెంగుళూరు వెళ్లిన పాలమూరు కూలీ పర్యాటకుడు కాడు, అదే ఊరికి వైద్యం కోసం వెళ్లినవాడు మాత్రం అవుతాడు.

"టూర్లకు వెళ్లారా?" అని అడిగితే చాలా ఇళ్లలో "మేమెక్కడికీ వెళ్లలేదండీ" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే పుట్టింటికి వెళ్లిరావడాన్ని ఎవరూ టూరు అనుకోరు. పెళ్లి, చావు, కాన్పు, ఆసుపత్రి, మొక్కు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. ప్రధాన కారణాన్ని రాబట్టడానికి "ఏ పని లేకపోతే మీరు అసలు బయలుదేరేవారు కాదు?" అన్న ప్రశ్న చాలు. పెళ్లికని విజయవాడ వెళ్లి, పనిలో పనిగా కనకదుర్గమ్మను దర్శించుకుంటే అది బంధుమిత్రుల కోసం చేసిన ప్రయాణాల ఖాతాలోకే వెళుతుంది.

అన్నిటికన్నా చిక్కయినది జ్ఞాపకం. చిన్న ప్రయాణాలను జనం త్వరగా మరచిపోతారు, పెద్దవాటిని జరిగిన తేదీకన్నా ఈమధ్యనే జరిగినట్టు చెబుతారు. 72వ విడతలో రాత్రి బస చేసిన ప్రయాణాల్లో విహారం, వైద్యం, షాపింగ్ కోసం చేసినవాటిని గడచిన 365 రోజులకు, తక్కినవాటిని గడచిన 30 రోజులకు అడిగారు. తేదీలు గుర్తురానప్పుడు "దసరాకు ముందా, తరువాతా?" అని అడిగితే జవాబు తేలిగ్గా వస్తుంది. అయితే 30 రోజుల లెక్కను ఫిబ్రవరి మొదట్లో మాత్రమే సేకరించి పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాదికి పన్నెండు సంక్రాంతులు వచ్చినట్టవుతుంది. కాబట్టి సర్వేకు ఎంచుకున్న ఇళ్లను ఏడాది పొడవునా పంచి అడగాలి.

తాళం వేసిన ఇల్లు కనబడితే పక్కింటికి వెళ్లి పని ముగించే అలవాటు సర్వేను లోపలి నుంచి తినేస్తుంది. ఊరికి వెళ్లినవారి ఇంటికే కదా తాళం ఉండేది! ఎన్నిసార్లయినా తిరిగి ఆ ఇంటికే వెళ్లాలి.

ఖర్చు అడిగేటప్పుడు ప్రయాణం, బస, భోజనం, కొనుగోళ్లు విడివిడిగా రాసుకోవాలి. హుండీలో వేసిన కానుక, పెళ్లిలో చదివించిన డబ్బు పర్యాటక వ్యయం కిందికి రావు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి, చార్జీ సున్నా అయిందని ఆ ప్రయాణాన్నే వదిలేయకుండా చూడాలి.

ఫలితాలు రాసేటప్పుడు కొలమానం స్పష్టంగా చెప్పాలి. ఒక ఇంటినుంచి నలుగురు కలిసి శ్రీశైలం వెళ్లివస్తే కుటుంబ లెక్కలో అది ఒక ప్రయాణం, మనుషుల లెక్కలో నాలుగు.