ఓవెన్ లేని ఇంట్లో కేకు కాల్చడం, మట్టి ఆరబెట్టడం

కేకు కాల్చడానికి మందమైన ఇనుప మూకుడు, దానిపై సరిగ్గా కూర్చొనే మూత, కొంత రాళ్ల ఉప్పు చాలు. మూకుడు అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, పైన చిన్న స్టాండు ఉంచి, మూతపెట్టి సన్నని మంట మీద 10 నిమిషాలు కాగనిచ్చాక, పిండి పోసిన గిన్నెను అందులో పెట్టాలి. గిన్నెకూ మూకుడుకూ మధ్య వేలెడు సందు లేకపోతే వేడిగాలి తిరగక అంచులు మాడి, నడుమ పిండి పచ్చిగానే ఉంటుంది. మొదటి అరగంట మూత తీయకుండా ఉండి, ఆ తరువాత పుల్ల గుచ్చి చూసుకోవాలి. వేడి కిందినుంచే వస్తుంది కనుక పైభాగం ఎర్రబడదు. రుచికి దానితో నష్టం లేదు. కుక్కరు వాడదలచినవారు రబ్బరునూ విజిలునూ తప్పక తీసివేయాలి. అయితే నీళ్లు లేకుండా కాగడం అల్యూమినియానికి మంచిది కాదు కనుక మూకుడే మేలు. నాన్‌స్టిక్ పాత్రను మాత్రం ఇందుకు వాడనే కూడదు.

మట్టి పని ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ వేడికన్నా నిదానమే ముఖ్యం. పైపొర ముందుగా ఆరి కుంచించుకుపోతూ ఉండగా లోపలి తడిమట్టి ఇంకా అలాగే ఉండటం వల్లనే బీటలు పడతాయి. అందుకే కప్పు పిడి, బొమ్మ చేతివేళ్లు వంటి సన్నని భాగాలకు మొదట తడిగుడ్డ చుట్టి, మిగిలినదానిపై పాలిథిన్ కవరు వదులుగా కప్పాలి. కింద చెక్కపలక మీద పాత న్యూస్‌పేపరు వేస్తే, మట్టి కుంచించుకొనేటప్పుడు అడుగు పట్టుకోకుండా జరుగుతుంది. కాస్త గట్టిపడ్డాక కవరు తీసి, రోజూ తిప్పిపెడుతూ నీడలోనే ఆరనివ్వాలి. చెన్నైలో దసరా కొలువు బొమ్మలు చేసుకొనేవారు ఇంకా ముందుగా మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే సముద్రపు తేమకు తోడు అక్టోబరు నుంచి ఈశాన్య ఋతుపవనాల వానలు కూడా వస్తాయి. తొందరపడి ఫ్యాను కింద పెడితే గాలి తగిలే వైపు మాత్రమే ఆరి బొమ్మ వంకరపోతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి బొమ్మను చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్లే. పొరుగింట్లో ఓవెన్ ఉంటే, చివరి తేమ పోవడానికి 80 డిగ్రీల వద్ద తలుపు ఓరగా తెరిచి ఉంచవచ్చు. 100 డిగ్రీలు దాటితే లోపలి నీరు ఆవిరై మట్టిని పగలగొడుతుంది.

ఇలా ఆరినది పచ్చిబొమ్మే. నీళ్లు తగిలితే కరుగుతుంది. వినాయకుడి ప్రతిమకు అది గుణమే కాని, నీళ్లు పోసే కుండకు చాలదు. మట్టి కణాల్లో కలిసిపోయిన నీరు దాదాపు 450 నుంచి 600 డిగ్రీల మధ్య గాని విడిపోదు, వంటింటి ఓవెన్లు సాధారణంగా 250 దాటవు. కాల్చిన పాత్రే కావాలనుకొనేవారు, బొమ్మల పనికి పేరున్న చెన్నైలోని కొసపేట వంటి చోట ఎవరి ఆవంలోనైనా (కుండలు కాల్చే బట్టీలో) చోటిస్తారేమో మట్టి కలపకముందే అడగాలి. వారు వాడే మట్టినే కొని చేస్తే, ఆ ఆవం వేడికి అది సరిపోతుంది.